రోవర్ కొలుస్తుంది సరే, గెట్టు ఎవరు చూపించాలె?

ఈ మధ్య ఏ ఊరికి పోయినా రచ్చకట్ట దగ్గర ఒకటే ముచ్చట. భూములు మళ్లీ కొలుస్తారట, ఉపగ్రహాల సాయంతో కొలుస్తారట, మనిషికి ఆధార్ ఉన్నట్టు కమతానికి భూధార్ ఇస్తారట. ఇక గెట్టు పంచాయితీలు ఉండవని కొందరు సంబురంగా చెబుతున్నారు. కొందరు మాత్రం గొంతు తగ్గించి "ఉన్న భూమి తగ్గిస్తరా అన్నా?" అని అడుగుతున్నారు. అట్లా అడిగేవాళ్లలో ఎక్కువమంది రెండు, మూడు ఎకరాల వాళ్లే.

వాళ్ల భయం ఊరికే పుట్టలేదు. 2017 సెప్టెంబర్‌లో భూరికార్డుల ప్రక్షాళన అన్నారు. 2020 అక్టోబర్‌లో ధరణి అన్నారు. 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. ఎనిమిదేళ్లలో మూడుసార్లు మన పాసుబుక్కు చుట్టూ పద్ధతి మారింది. ప్రక్షాళనలో గానీ ధరణిలో గానీ నేల మీద గొలుసు పెట్టి కొలిచింది లేదు. ఉన్న పహాణీని కాగితం మీద సరిచూసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. పాత తప్పు కూడా దానితోపాటే ఎక్కి కూర్చుంది. 2025 జూన్‌లో ఊరూరా పెట్టిన రెవెన్యూ సదస్సుల్లో 8 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటే ఆ తప్పులు ఎంతమంది మెడకు చుట్టుకున్నాయో అర్థం చేసుకోవచ్చు.

ఇప్పుడు చెబుతున్నది మాత్రం నేల మీద కొలత. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోవర్‌కు, డ్రోన్‌కు మనం అడ్డం పడాల్సిన పని లేదు. మనకు కావాల్సిన పనిముట్లే అవి. కానీ కొలిచేటప్పుడు గెట్టు మీద ఎవరెవరు నిలబడాలి, కొలతలో తేడా వస్తే ఎవరి పాసుబుక్కులోంచి గుంటలు పోవాలి అన్నది యంత్రం తేల్చేది కాదు. అది తేలకుండా కొలత మొదలైతే నష్టపోయేది మన సంఘంలో ఉన్నవాళ్లే.

గొలుసు నుంచి రోవర్ దాకా

మన తెలంగాణలో సర్వే అంటే నిజాం కాలపు సర్వేనే. 1870లలో మొదటి సాలార్‌జంగ్ హయాంలో మొదలైన బందోబస్తు అది. మన గుంట లెక్క కూడా కొలత గొలుసుతో ముడిపడి ఉన్నదే. 33 అడుగుల గొలుసు ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెడితే వచ్చేది గుంట, అంటే 121 చదరపు గజాలు. 40 గుంటలకు ఎకరం. గుంటలో పదహారో వంతు అణా. ఈ లెక్కతో ప్రతి సర్వే నంబర్‌కు టీపన్ గీశారు. మూలమూలకు రాయి పాతారు. రాయికీ రాయికీ మధ్య ఎన్ని గొలుసులో, ఎన్ని అణాలో టీపన్‌లో రాసి పెట్టారు. ఆ పని చేసినవాళ్ల దగ్గర ఉపగ్రహం లేదు, కరెంటు లేదు. అయినా రాయి కదలని చోట ఇప్పుడు రోవర్ పెట్టి చూసినా ఆ కొలతలు చాలావరకు కుదురుతున్నాయని సర్వే పని తెలిసినవాళ్లు చెబుతుంటారు. నాకూ నమ్మాలనే ఉంది.

చిక్కంతా రాయి కదిలిన చోటనే. మన నల్గొండ, పాలమూరు చెల్కల్లో రాళ్లు ఎక్కడ మిగిలాయి? ట్రాక్టర్ నాగలి తగిలి కొన్ని పోయాయి, జేసీబీతో రాళ్లు ఏరించినప్పుడు హద్దురాయి కూడా కుప్పలో కలిసిపోయింది, కొన్ని ఇంటి కడపలకు, బట్టలుతికే బండలకు వచ్చాయి. కావాలని పీకినవి వేరే. దానికి తోడు సర్వే నంబర్ లోపల అన్నదమ్ములు పంచుకుంటే, అమ్ముకుంటే బై నంబర్లు పుట్టాయి. 127/అ, 127/ఆ, 127/ఆ/1 అని పహాణీలో రాసుకుంటూ పోయారు గానీ చాలాచోట్ల వాటికి విడిగా కొలత జరగలేదు, టీపన్ రాలేదు. సర్వే నంబర్ హద్దు వరకే నక్ష ఉంది. లోపలి గెట్లన్నీ మాట మీద, వాడుక మీద నడుస్తున్నవే.

రాష్ట్రంలో అసలు నక్షనే లేని గ్రామాలు 413 ఉన్నాయని ప్రభుత్వమే చెప్పింది. వాటిలో ఐదు గ్రామాలను 2025లో ప్రయోగాత్మకంగా రీసర్వేకు తీసుకున్నారు. మన పక్కన మహబూబ్‌నగర్ జిల్లా గండీడ్ మండలం సలార్‌నగర్ అందులో ఒకటి, ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం మండలం ములుగుమాడ ఇంకొకటి. అంతకుముందే భూభారతి చట్టం అమలుకు పైలట్‌గా తీసుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఉంది. అంటే ఈ ప్రయోగం ఎక్కడో దూరంగా జరగడం లేదు. పాలమూరు మిత్రులు ఆ ఊర్లకు పోయి, ఎట్లా కొలిచారో, ఏమేం గొడవలు వచ్చాయో రైతుల నోట విని మన పత్రికకు రాస్తే అందరికీ పనికొస్తుంది.

భూభారతి అన్న పేరు కూడా కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ప్రాంతంలో ఇదే పేరుతో నిజామాబాద్ జిల్లాలో విమానం నుంచి ఫొటోలు తీసి సమగ్ర సర్వే మొదలుపెట్టారు. ఏళ్లు గడిచాయి, అది రాష్ట్రమంతా పాకిందీ లేదు, మన దాకా వచ్చిందీ లేదు. ఫొటో తీయడం కొద్ది రోజుల పని, ఒక్కొక్క గెట్టుకు ఇద్దరు రైతులను ఒప్పించడం ఏళ్ల పని. ఆ రెండో పనికి మనుషులను పెట్టని సర్వే ఏదైనా అట్లాగే ఆగుతుంది.

ఫోన్ చూపించే గెట్టు

యంత్రం ఎట్లా పనిచేస్తుందో మనం కొంతైనా తెలుసుకోవాలి. తెలియకపోతే ఎవరు ఏది చూపిస్తే అదే నిజమనుకుంటాం.

ఆకాశంలో 20 వేల కిలోమీటర్ల ఎత్తున అమెరికా వాళ్ల జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. రష్యా, యూరప్, చైనాలకు కూడా సొంతవి ఉన్నాయి. మన ఇస్రోది నావిక్, దాని మొదటి ఉపగ్రహం 2013 జూలైలో పోయింది. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి సిగ్నల్ అందితే, ఆ సిగ్నల్ ఎంతసేపటికి చేరిందన్న లెక్కతో మన చేతిలోని పరికరం తాను ఎక్కడున్నదో తేల్చుకుంటుంది. 2000 సంవత్సరం మే నెల దాకా అమెరికా మామూలు జనానికి ఇచ్చే సిగ్నల్‌ను కావాలనే చెడగొట్టి ఇచ్చేది. అది ఆపిన తర్వాతే ఫోన్లలో, కార్లలో దారి చూపడం నడిచింది.

మన జేబులో ఉండే ఫోన్ మొగులు లేని చోట, చెట్టు లేని చోట కూడా 5 మీటర్ల వరకు అటూ ఇటూ చూపిస్తుంది. ఈ 5 మీటర్లను గుంటల్లోకి మార్చి చూడండి. నలుచదరంగా ఉన్న ఒక ఎకరానికి ఒక్కో పక్క దాదాపు 64 మీటర్లు ఉంటుంది. ఒక్క పక్క గెట్టు 5 మీటర్లు జరిగితే 320 చదరపు మీటర్లు పోతుంది. అంటే మూడు గుంటల పైనే. మునుగోడు, చౌటుప్పల్ దిక్కు మూడు గుంటల ధర ఎంతో నేను చెప్పాల్సిన పని లేదు.

రోవర్ వేరు. ఒక చోట స్థిరంగా పాతిన కేంద్రం ఉంటుంది, దాన్ని కార్స్ స్టేషన్ అంటున్నారు. అది ఎక్కడున్నదో ముందే కచ్చితంగా తెలుసు కాబట్టి, ఉపగ్రహం సిగ్నల్‌లో ఎంత తప్పు వస్తున్నదో అది పట్టుకుని, సవరణను మొబైల్ నెట్ ద్వారా పొలంలో ఉన్న రోవర్‌కు పంపుతుంది. అప్పుడు తేడా కొన్ని సెంటీమీటర్లకు దిగుతుంది. 3 సెంటీమీటర్లు అనుకున్నా అదే 64 మీటర్ల గెట్టు మీద రెండు చదరపు మీటర్లు కూడా రాదు. అణాలో మూడో వంతుకూ చాలదు. గొలుసు లాగినప్పుడు ఇంతకంటే ఎక్కువ తేడా వచ్చేది.

అయితే రోవర్ కూడా అన్ని చోట్లా ఒక్కతీరుగ పనిచేయదు. దట్టంగా పెరిగిన బత్తాయి తోట లోపల, పెద్ద గుట్ట అంచున, తాళ్ల గుంపు కింద ఉపగ్రహాలు సరిగా అందవు. చందంపేట, నేరేడుగొమ్ము గుట్టల నడుమ ఫోన్ సిగ్నలే అందని చోట సవరణ ఎట్లా వస్తుంది? అట్లాంటి చోట సొంత బేస్ పెట్టుకుని కొలవాలి, లేదా టోటల్ స్టేషన్‌తో కొలవాలి. రోవర్ పట్టుకున్న మనిషి చేతిలో చిన్న తెర ఉంటుంది. దాని మీద "ఫిక్స్" అని వస్తే కొలత కుదిరినట్టు. "ఫ్లోట్" అని వస్తే ఇంకా కుదరలేదు, అరమీటరో ఇంకా ఎక్కువో తేడా ఉండొచ్చు. ఎండలో నిలబడి నిలబడి సర్వేయర్‌కు విసుగొచ్చి ఫ్లోట్ మీదనే పాయింట్ కొట్టేస్తే ఆ తప్పు మన పిల్లల పాసుబుక్కు దాకా పోతుంది. కాబట్టి చదువుకున్న పిల్లవాణ్ని ఒకణ్ని పక్కన నిలబెట్టి "సారూ, ఫిక్స్ వచ్చిందా?" అని ప్రతి మూల దగ్గరా అడిగించండి. దీంట్లో మర్యాద తప్పేదేమీ లేదు. తూకం దగ్గర ముల్లు చూసుకుంటాం కదా, అట్లాంటిదే.

ఇంకో మోసం ఫోన్ యాప్‌లది. భూభారతిలో, అంతకుముందు ధరణిలో గ్రామ నక్ష చూసుకునే వీలు ఉంది. దాన్ని తీసుకుని ఉపగ్రహ ఫొటో మీద పరిచి, సర్వే నంబర్ కొడితే గెట్లు చూపించే యాప్‌లు బజార్లో తిరుగుతున్నాయి. చూడటానికి బాగుంటుంది. కానీ ఆ నక్ష కాగితం మీదనో బట్ట మీదనో గీసింది. నూరేండ్లలో అది ముడతపడ్డది, సాగింది, స్కాన్ చేసినప్పుడు ఒరిగింది. నక్షలో ఒక మిల్లీమీటరు నేల మీద 5 మీటర్లనుకుంటే, అర మిల్లీమీటరు మందం గీసిన గీత ఒక్కటే రెండున్నర మీటర్లు మింగుతుంది. పైగా ఆ నక్షకు అక్షాంశ రేఖాంశాలు లేవు, ఎవరో చెరువు కట్టనో బాట కూడలినో చూసి కుదిర్చి అతికించి ఉంటారు. కింద ఉండే ఫొటో కూడా కొన్ని మీటర్లు జరిగి ఉండొచ్చు. ఈ మూడు తేడాల మీద నిలబడి ఒక రియల్ ఎస్టేట్ దళారి వచ్చి "నీ బోరు పక్కాయన భూమిలో ఉన్నది" అంటే నమ్మేస్తున్నారు. మా దిక్కు ఒక ఊర్లో అన్నదమ్ముల పిల్లలు ఇట్లాంటి యాప్ చూసుకునే కొట్టుకున్నారు. ఇరవై ఏండ్లుగా లేని గెట్టు తగాద ఒక్క పూటలో పుట్టింది. ఏ పొలం ఏ దిక్కుకు ఉందో తెలుసుకోవడానికి ఆ యాప్ పనికొస్తుంది, అంతవరకే. దాన్ని చూసి కడీ పాతకండి, పాతనివ్వకండి.

తేడా వస్తే ఎవరిది పోవాలె?

అసలు ముచ్చట ఇది. మన ఊర్లలో సర్వే నంబర్ మొత్తం విస్తీర్ణం ఒకటి ఉంటే, అందులో ఇచ్చిన పట్టాల కూడిక ఇంకొకటి ఉంటుంది. ఆర్‌ఎస్‌ఆర్ తేడా అని మన రైతులకు నోటికొచ్చిన మాటే. సేత్వార్ ప్రకారం నంబర్‌లో 20 ఎకరాలుంటే పాసుబుక్కులన్నీ కలిపితే 21 ఎకరాల 10 గుంటలు వస్తుంది. ప్రక్షాళనలో ఇట్లాంటివి చాలా పార్ట్-బీలో పడేశారు. కొన్నింటిలో మాత్రం చివర మిగిలినవాడికి కోత పెట్టి లెక్క సరిచేశారు.

ఇప్పుడు రోవర్ పెడితే మూడో లెక్క వస్తుంది. నేల మీద 20 ఎకరాల 18 గుంటలు ఉన్నదనుకోండి. పట్టాల కంటే 32 గుంటలు తక్కువ. ఈ 32 గుంటలు ఎవరి ఖాతాలోంచి తీయాలి? అందరికీ వంతుల ప్రకారం తగ్గించాలా? కబ్జాలో ఎవరు ఎంత ఉంటే అంతనే రాయాలా? పాత దస్తావేజు ఉన్నవాడికి పూర్తిగా ఇచ్చి, కొత్తగా కొన్నవాడికి తగ్గించాలా? ఒక్కొక్క పద్ధతిలో ఒక్కొక్కరికి నష్టం. ఊర్లో నోరున్నవాడు, ఆఫీసులో పరిచయం ఉన్నవాడు తనకు అనుకూలమైన పద్ధతినే న్యాయమంటాడు. ఇది ముందే రాతపూర్వకంగా తేల్చి, గ్రామసభలో చదివి వినిపించి, ఆ తర్వాతే రోవర్ బయటకు తీయాలని మన సంఘం పట్టుబట్టాలని నా ప్రతిపాదన. మిగతా డిమాండ్లలో కొన్ని వదులుకున్నా దీన్ని వదలొద్దు.

ఈ లెక్కలో ముందుగా దెబ్బతినేవాళ్లు ఎవరో మనకు తెలుసు. లావణి పట్టా ఉండి హద్దులు ఎన్నడూ చూపించని దళిత రైతులు ఒకరు. పట్టాలో పది గుంటలు ఎక్కువ తక్కువ రాసినా అడగలేకపోయిన ఒంటరి ఆడవాళ్లు ఒకరు. సాదాబైనామా మీద కొని, దున్నుకుంటూ, పేరు మాత్రం పాత పట్టాదారుదే ఉన్నవాళ్లు ఒకరు. 2020లో సాదాబైనామాలకు 9 లక్షలకు పైగా దరఖాస్తులు పెట్టుకుని ఏళ్ల తరబడి కోర్టు స్టే కింద ఎదురుచూసినవాళ్లు వీళ్లే. ఆ స్టే 2025 ఆగస్టులో తొలగింది. ఇప్పుడు వీళ్ల దరఖాస్తులు తేలకముందే ఊరు కొలిస్తే, కొత్త నక్షలో భూధార్ నంబర్ పాత పట్టాదారు పేరు మీద వస్తుంది. వరుస మారాలి: సాదాబైనామా ముందు, నక్ష తర్వాత.

భూదాన్ భూములదీ ఇదే కథ. 1951 ఏప్రిల్ 18న అప్పటి మన నల్గొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇవ్వడంతో మొదలైన ఉద్యమం అది. ఆ తర్వాత వచ్చిన దానాల్లో ఎన్నో సర్వే నంబర్‌లో ఇన్ని ఎకరాలు అని కాగితం మీద రాసినవే గానీ నేల మీద ఏ ముక్కో విడగొట్టి చూపించింది తక్కువ. హైవే పక్కన ధరలు పెరిగాక ఆ ముక్క ఎప్పుడూ పక్కనోడిది కాదు, పేదోడిదే మాయమవుతుంది.

పొట్టచేతబట్టుకుని ముంబయి, పుణె, హైదరాబాద్ పోయిన పాలమూరు, దేవరకొండ వలస కూలీల సంగతి కూడా ఆలోచించాలి. పంచాయతీ గోడ మీద నోటీసు అంటిస్తే బాంద్రాలో ఇటుకలు మోసే మనిషికి ఎట్లా తెలుస్తుంది? ఫోన్‌కు మెసేజ్ ఒక్కటి పంపి చేతులు దులుపుకుంటే సరిపోదు. దసరాకో, ఉగాదికో, ఊరి జాతరకో వాళ్లు ఊర్లో ఉండే రోజులు చూసి ఆ నంబర్లు కొలవాలి. సెంటీమీటరు లెక్కపెట్టే యంత్రం కొన్న ప్రభుత్వం రెండు వారాలు ఆగలేదా?

పక్క రాష్ట్రంలో ఏం జరిగింది?

ఆంధ్రలో ఈ పని మనకంటే ముందు మొదలైంది. 2020 డిసెంబర్ 21న కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి రీసర్వే ప్రారంభించారు. డ్రోన్లు, కార్స్ స్టేషన్లు, రోవర్లు అన్నీ తెచ్చారు. వేల గ్రామాల్లో కొలిచారు. పని వేగంగా నడిచింది, గొడవ కూడా అంత వేగంగానే పెరిగింది. విస్తీర్ణం తగ్గిందని రైతులు ఆఫీసుల చుట్టూ తిరిగారు. విడివిడిగా దున్నుకునే ముగ్గురు నలుగురు రైతులను కలిపి ఒకే ల్యాండ్ పార్సిల్ నంబర్ ఇచ్చిన చోట, అందులో ఒకాయన లోన్ తీసుకోవాలన్నా అమ్ముకోవాలన్నా చిక్కుపడ్డాడు. హద్దురాళ్ల మీద పేర్ల గొడవ సరేసరి, ఆ రాజకీయం మనకు అక్కర్లేదు. దానితోపాటు తెచ్చిన భూమి హక్కు చట్టం మీద భయం ఎంత పెరిగిందంటే 2024 ఎన్నికల్లో అదే పెద్ద చర్చ అయింది. కొత్త ప్రభుత్వం రాగానే ఆ చట్టాన్ని రద్దు చేసింది. రీసర్వే అయిన గ్రామాల్లో మళ్లీ గ్రామసభలు పెట్టి ఫిర్యాదులు తీసుకోవాల్సి వచ్చింది.

అక్కడ యంత్రాలు చెడిపోలేదు. రోజుకు ఇన్ని ఎకరాలు కావాలని టార్గెట్ పెట్టారు. టార్గెట్ కోసం కొలిచేవాడు గెట్టు మీద ఇద్దరు రైతులు మాట్లాడుకునే దాకా ఆగడు. మన దగ్గర సర్వేయర్ల కొరత తీర్చడానికి వేలమందికి శిక్షణ ఇచ్చి లైసెన్స్‌డ్ సర్వేయర్లను తయారు చేస్తున్నారు. ఒకే సర్వేయర్ రెండు మూడు మండలాలు చూసుకునే రోజుల కంటే ఇది నయమే. ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూసిన ప్రతి ఒక్కరూ ఒప్పుకుంటారు. కానీ లైసెన్స్‌డ్ సర్వేయర్ జీతగాడు కాదు, కొలిచినదానికి పైసలు తీసుకునేవాడు. భూభారతి చట్టంలో, ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి రిజిస్ట్రేషన్‌కూ మ్యుటేషన్‌కూ సర్వే నక్ష జతచేయాలని రాసుకున్నారు. మంచి మాటే. రేపు పది గుంటలు బిడ్డ పేరు మీద పెట్టాలన్నా నక్ష కావాలి. ఆ ఖర్చు రెండెకరాల రైతు మీద వేస్తే మళ్లీ తెల్లకాగితం మీద రాసుకోవడం మొదలవుతుంది, మళ్లీ సాదాబైనామాలు పుడతాయి. ఐదెకరాల లోపు వాళ్లకు ఈ కొలత ఉచితంగా చేయాలి.

పంట నమోదు కూడా నక్ష మీదనే

భూమి హక్కు ఒక్కటే కాదు, పంట అమ్ముకోవడం కూడా ఇప్పుడు ఈ నక్షల మీదికే వచ్చింది. కేంద్రం 2024 సెప్టెంబర్‌లో 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. రైతు గుర్తింపు నంబర్, ఊరి నక్షకు అక్షాంశ రేఖాంశాలు జతచేయడం, ఏ ముక్కలో ఏ పంట వేశారో నమోదు చేయడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. నమోదు చేసే మనిషి ఆ చేన్లోనే నిలబడి ఫోటో తీయాలి, లేకపోతే యాప్ ఒప్పుకోదు. ఒక్కో ఏఈఓకు 5 వేల ఎకరాల క్లస్టర్ అప్పజెప్పి ప్రతి ముక్కలో నిలబడమంటే ఎట్లా అవుతుందని 2024 అక్టోబర్‌లో మన ఏఈఓలే ఎదురు తిరిగారు. సస్పెన్షన్లు కూడా జరిగాయి. వాళ్ల బాధ న్యాయమైనదే.

నక్ష ఐదు మీటర్లు జరిగి ఉంటే చేనంచున నిలబడ్డ ఏఈఓ ఫోన్‌కు ఆయన పక్క చేన్లో ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడ పత్తి, ఇక్కడ కంది ఉంటే రికార్డు తారుమారు అవుతుంది. 2025 సీజన్‌లో సీసీఐ పత్తి అమ్ముకోవడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలంది. పంట నమోదు సరిగా లేనివాళ్లు, ముఖ్యంగా కౌలుకు చేసుకునేవాళ్లు, దళారికి దొరికిన ధరకు అమ్ముకుని పోయారు. భూమి పట్టాదారు పేరు మీద, పంట కౌలుదారుది. ఈ యాప్‌లు తయారుచేసినవాళ్లకు కౌలు అనే మాట తెలుసో లేదో అనుమానమే.

అడవి భూముల దగ్గర ఒక ముందుచూపు కనబడుతుంది, దాన్ని మనం వాడుకోవాలి. అటవీ హక్కుల చట్టం నియమాలను 2012లో సవరించినప్పుడు, ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక ఆధారాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటి స్థానంలో ఉండకూడదని రాశారు. ఫొటోలో చెట్టు కనిపించిందని పోడు రైతు దరఖాస్తు కొట్టేయకూడదన్నమాట. ఇదే వాక్యం భూభారతి రీసర్వే నియమాల్లోకీ, పంట నమోదు నియమాల్లోకీ రావాలి. నేల మీద దున్నినవాడి మాట, గెట్టు పక్కవాళ్ల సాక్ష్యం ముందు. ఫొటో దానికి తోడు.

ఇంకొక సంగతి. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం మ్యాపుల మీద ఉన్న అనుమతుల కట్టుబాట్లు తీసేసింది. దేశీయ కంపెనీలు ఒక మీటరు కంటే సూక్ష్మంగా కూడా నేలను కొలిచి అమ్ముకోవచ్చు. దాంతో మన ఊరి నక్ష మనకంటే ముందు వెంచర్ వేసేవాడి లాప్‌టాప్‌లో ఉంటున్నది. 2025 ఆగస్టు చివర్లో రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగానికి హెచ్‌ఎండీఏ సర్వే నంబర్లు ప్రకటించినప్పుడు మన గట్టుప్పల్, మర్రిగూడ రైతులు నంబర్ చూసుకుని గాబరా పడ్డారే తప్ప ఆ నంబర్‌లో ఏ మూల నుంచి రోడ్డు పోతుందో చూపించే నక్ష వాళ్ల చేతిలో లేదు. కొలిచే శక్తి ఇంత పెరిగినప్పుడు, ఏ రైతుది ఎన్ని గుంటలు, ఏ దిక్కు నుంచి పోతాయో గీసి పంచాయతీలో అంటించడానికి అడ్డం ఏమున్నది?

ఇప్పుడు చేయాల్సింది

సర్వే వచ్చేదాకా చూస్తూ కూర్చోవద్దు. టీపన్, సేత్వార్, గ్రామ నక్ష, 1954-55 ఖాస్రా పహాణీ నకళ్లకు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. సర్వే ఆఫీసుల్లో టీపన్‌లు చెదలు తింటున్నాయి, చేతిలోకి తీసుకుంటే పొడి అవుతున్నాయి. రీసర్వే అయిపోయాక పాత కాగితంతో పనేముందని వాటిని అటక మీదికి తోస్తారు. కొత్త కొలత తప్పని నిరూపించడానికి మనకు మిగిలే ఆధారం ఆ పాత టీపనే. ఊరికొక సెట్టు మన సంఘం మండల కమిటీ దగ్గర ఉండాలి.

1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. దాని ప్రకారం కొలతకు ముందు నోటీసు ఇవ్వాలి, గెట్టు తేల్చాక ఆ నిర్ణయం మీకు తెలియజేయాలి. నచ్చకపోతే మూడు నెలల్లో అప్పీల్ చేసుకోవచ్చు. సర్వే పూర్తయిందని గెజిట్‌లో వేశాక కూడా మూడేళ్ల లోపు సివిల్ కోర్టుకు పోవచ్చు. ఈ గడువులు దాటితే కొత్త హద్దే ఖాయమైన హద్దు. అందుకని నోటీసు తీసుకోకుండా తప్పించుకోవడం తెలివి కాదు. తీసుకుని, తారీఖు వేసి సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ ట్యాబ్ తెర మీద మాత్రం వేలు పెట్టకండి. ముందు స్కెచ్ చూపించమనండి, నాలుగు పక్కల కొలతలు, మొత్తం గుంటలు అందులో ఉన్నాయో లేదో చూడండి, దాని నకలు చేతికి వచ్చాక సంతకం పెట్టండి. భూధార్ తాత్కాలికంగా ఒకటి, కొలత అయ్యాక శాశ్వతంగా ఒకటి ఇస్తామంటున్నారు కాబట్టి శాశ్వతం అనే మాట వచ్చిన రోజు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

గెట్టు పక్కవాళ్లతో ఇప్పుడే కూర్చోండి. సర్వేయర్ రాకముందే ఇద్దరూ ఒప్పుకున్న చోట గట్టి కడీలు పాతుకుంటే రోవర్ పని అరగంటలో అయిపోతుంది. ఒప్పుకోని చోటు ఉంటే అది వివాదంలో ఉన్నట్టు స్కెచ్ మీదనే రాయించండి. అట్లా రాయడానికి వీల్లేదని ఎవరైనా అంటే మండల కమిటీకి ఫోన్ చేయండి. చేన్లు నిండా ఉన్నప్పుడు, తడిలో, పత్తి నడుము ఎత్తు ఉన్నప్పుడు కొలత పెట్టొద్దని కలెక్టర్లకు వినతిపత్రం ఇవ్వాలని జిల్లా కమిటీని కోరుతున్నాను. పత్తి కట్టె పీకి, చెల్కలు ఖాళీగా ఉండే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పూట కొలిస్తే మూలరాయి ఎక్కడుండేదో ముసలోళ్లు కూడా నడిచొచ్చి చూపిస్తారు.